మన జిల్లా బొమ్మల పెద్దాయన - కాపు రాజయ్య గారు

వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన హాస్టల్ గోడలకు సున్నం పడుతుంది. ఆ తెల్లటి గోడ మీద బొమ్మలు వేసే పని మా బ్యాచ్‌కు వచ్చినప్పుడు మేము ఏం వేశామో ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. రెండు కొండలు, వాటి నడుమ సూర్యుడు, పక్కన కొబ్బరి చెట్లు, ఒక పడవ. మా ఊళ్లలో కొబ్బరి తోటలు లేవు, పడవలు లేవు. మాలో గొర్లు కాసే ఇంటి పిల్లలున్నారు, డప్పు కొట్టే ఇంటి పిల్లలున్నారు, తండాల నుంచి వచ్చిన వాళ్లున్నారు, బట్టలుతికే వాళ్ల, తాళ్లెక్కే వాళ్ల పిల్లలున్నారు. అయినా ఒక్కరమూ మా ఇంటిని గోడ మీదికి తేలేదు. తెస్తే పక్కవాడు నవ్వుతాడని భయం. ఆ భయాన్ని దాటిన మన జిల్లా మనిషి ఒకాయన ఉన్నారని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయనే చిత్రకారులు కాపు రాజయ్య గారు.

రాజయ్య గారు 1925 ఏప్రిల్ 7న సిద్దిపేటలో పుట్టారు. మన మెదక్ చర్చి ప్రారంభమై అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు. అప్పుడు సిద్దిపేట మెదక్ జిల్లాలోనే ఉండేది, 2016 అక్టోబరు 11న వేరే జిల్లా అయింది. అది నిజాం పాలన కాలం. ఆయనది పేద కుటుంబం, పైగా చిన్నతనంలోనే తండ్రి పోయారు. అలాంటి ఇంట్లో పిల్లవాడు బొమ్మలు వేస్తానంటే నలుగురూ ఏమంటారో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. బొమ్మలు అన్నం పెడతాయా అనే ప్రశ్న మనలో చాలామంది ఇంట్లో విన్నదే. రాజయ్య గారు మాత్రం పట్టు వదలకుండా హైదరాబాదులో చిత్రకళ నేర్చుకున్నారు. తర్వాత సిద్దిపేటలో డ్రాయింగ్ టీచరుగా పనిచేశారు.

చిత్రకారుడికి పేరు రావాలంటే పట్నంలో ఉండాలని చాలామంది అనుకుంటారు. ఆయన సొంత ఊరు విడవలేదు. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లు, తలమీద బోనం ఎత్తుకున్న తల్లులు, గొల్లవాళ్లు, ఎడ్లబండ్లు, పల్లెలో చేతి పని చేసుకుని బతికే జనం, వీళ్లే ఆయన బొమ్మల్లో నిలిచారు. దూరం నుంచి చూసి జాలిపడే చూపు కాదు ఆయనది. ఆ బొమ్మల్లోని మనుషులు నిండుగా, దిట్టంగా, తమ పని తమకు గౌరవమన్నట్టు ఉంటారు. సిద్దిపేటలో కూర్చుని వేసిన ఆ బొమ్మలు విదేశాల ప్రదర్శనల దాకా వెళ్లాయి.

ఆయన రంగులకు, గీతలకు మూలం మన దగ్గరే ఉంది. చేర్యాల నకాషీ బొమ్మల గురించి మన చదువరులు వినే ఉంటారు. ఖాదీ గుడ్డకు గంజి, తెల్లమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత పూస్తారు. ఆరిన తర్వాత దాని మీద ఎర్రటి నేల వేసి, గజాల కొద్దీ కథ గీస్తారు. ఆ పటాన్ని విప్పుతూ ఊరూరా కథ చెప్పేవారు. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఒక్కో పటం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గొల్లలకు కాటమరాజు కథ, గౌడులకు గౌడ పురాణం, చాకలివారికి మడేలు పురాణం, మాదిగలకు జాంబ పురాణం. అక్షరం అందని రోజుల్లో కూడా మన తాతలకు తమ చరిత్ర బొమ్మల్లో ఉండేది. ఎవరి పటంలో వాళ్లే వీరులు. రాజయ్య గారు ఆ నకాషీ పద్ధతిని చిన్నచూపు చూడలేదు. అందులోని బలమైన గీతను, చిక్కటి రంగును తీసుకుని, కొత్త చదువుతో కలిపి తనదైన దారి వేసుకున్నారు.

తాను ఎదిగితే చాలని కూడా ఆయన అనుకోలేదు. 1963లో సిద్దిపేటలో లలిత కళా సమితిని స్థాపించారు. జిల్లా పిల్లలు బొమ్మల కోసం పట్నం పోనక్కరలేకుండా ఊళ్లోనే ఒక నీడ కల్పించాలన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. 2012 ఆగస్టు 20న, 87 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. ప్రత్యేక రాష్ట్రం ఏర్పడడం ఆయన చూడలేదు. కానీ ఇవాళ తెలంగాణ గుర్తులంటూ గోడల మీద, బ్యానర్ల మీద మనం చూస్తున్న బతుకమ్మను, బోనాన్ని ఆయన ఎన్నో ఏళ్ల ముందే, వాటిని ఎవరూ గొప్పగా చెప్పుకోని కాలంలోనే కుంచెతో నిలబెట్టారు.

ఈ జీవితం తెలిశాక మాకు మా గోడ గుర్తుకొచ్చింది. మేము కొబ్బరి చెట్టు వేసింది అందం కోసం కాదు, మమ్మల్ని మేము దాచుకోవడానికి. హాస్టల్‌లో ఒకే పళ్లెం వరుసలో కూర్చుని తిన్నాం, ఒకే గదిలో పడుకున్నాం. కానీ ఒకరి ఇంటి పండుగ ఒకరికి తెలియకుండానే కొందరం బయటికి వెళ్లిపోయాం. అది మా తప్పే.

తమ్ముళ్లకు మా మనవి ఒక్కటే. ఈసారి గోడ మీ చేతికి వచ్చినప్పుడు అమ్మ కట్టిన అద్దాల లంగా వేయండి, నాన్న గొంగడి వేయండి, తాత డప్పు వేయండి, మోకు వేయండి, ఏడుపాయల జాతర వేయండి. గీత వంకర పోయినా ఫరవాలేదు. పక్కవాడు నవ్వితే, వాడి ఇల్లు కూడా వేయమని కుంచె వాడి చేతికే ఇవ్వండి. రామాయంపేట మీదుగా సిద్దిపేట బస్సెక్కినప్పుడల్లా మాకు రాజయ్య గారు గుర్తొస్తారు. రేపు ఎవరైనా మన హాస్టల్ గోడ చూసి, ఇక్కడ ఎవరెవరి పిల్లలు చదువుకున్నారో చదువుకోగలగాలి. ఆయనకు మనం ఇచ్చే నివాళి అదే.