ఒక్క హ్యాండిల్‌తో గాండ్రించిన చెక్క పులి

1782 డిసెంబరు 7. చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట శిబిరంలో మైసూరు పాలకుడు హైదర్ అలీ కన్నుమూశాడు. కొడుకు టిప్పు అప్పుడు దూరంగా మలబారులో యుద్ధంలో ఉన్నాడు. సంగతి బయటికి పొక్కితే సైన్యం చెదిరిపోవచ్చు. అందుకే భౌతికకాయాన్ని సుగంధ పొడి నింపిన పెద్ద పెట్టెలో ఉంచి, ఖజానా తరలిస్తున్నట్టు కాపలాతో పంపేశారు. టిప్పు హుటాహుటిన వచ్చి పగ్గాలు అందుకున్నాడు.

టిప్పు అనగానే యుద్ధాలు, ఆయన పాలనపై వాదోపవాదాలే గుర్తొస్తాయి. కానీ ఆయనకు యంత్రాలంటే భలే ఆసక్తి. ఇనుప గొట్టాల రాకెట్లను యుద్ధంలో దించాడు. 1788లో ప్యారిస్ వెళ్లిన ఆయన రాయబారులు ఫ్రాన్స్ రాజును నిపుణులైన చేతిపనివాళ్లను కూడా పంపమని అడిగారు. 1792లో ఓడిపోయి సగం రాజ్యం వదులుకున్నాడు. ఇద్దరు కొడుకుల్ని ఆంగ్లేయుల దగ్గర బందీలుగా ఉంచాల్సి వచ్చింది. ఆ కసి కనిపించే బొమ్మ ఒకటి 1790ల్లోనే తయారైంది.

ఐరోపా సైనికుడి మీద పడ్డ పులి అది. పొడవు ఒకటిన్నర మీటర్లకు పైనే. పైకి రంగులద్దిన కొయ్యబొమ్మ, లోపల మాత్రం యంత్రాల పెట్టె! పక్కనున్న హ్యాండిల్ తిప్పితే తిత్తులు గాలి ఊదుతాయి. సైనికుడి గొంతులోంచి ఏడుపు వస్తుంది, ఎడమ చెయ్యి పైకీ కిందకీ ఆడుతుంది, ఉండి ఉండి పులి గాండ్రిస్తుంది. పులి పక్క భాగంలో చిన్న తలుపు తీస్తే 18 మీటలున్న ఆర్గాన్ కనిపిస్తుంది. మోటారు లేదు, బ్యాటరీ లేదు. తిప్పేది ఒక్కటే, జరిగే పనులు మూడు.

1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు పోరాడుతూ చనిపోయాడు. పులిని లండన్ తీసుకెళ్లి 1808లో ఈస్టిండియా కంపెనీ భవనంలో ప్రదర్శనకు పెట్టారు. వచ్చినవాళ్లంతా హ్యాండిల్ తిప్పుతుంటే అక్కడి లైబ్రరీలో చదువుకునేవాళ్లకు తలనొప్పే! ఇప్పుడది విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

ఆ బొమ్మ ఎవరిదో ప్రపంచానికి తెలుసు. దాన్ని చెక్కినవాళ్ల పేర్లు, లోపలి యంత్రం బిగించినవాళ్ల పేర్లు మాత్రం చరిత్రకెక్కలేదు.

మన ఏర్పేడు మండలం మాధవమాలలో ఇప్పటికీ ఉలి పట్టి కొయ్యకు ప్రాణం పోసేవాళ్లున్నారు. తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో మెకానికల్ చదివేవాళ్లకు గేర్లు, క్యామ్‌లు తెలుసు. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం ఈ ఇద్దరూ ఒకచోట కూర్చుంటే కదిలే బొమ్మల పెట్టె ఒకటి మన దగ్గరే పుడుతుంది. చేశాక దాని అడుగున అందరి పేర్లూ చెక్కండి. కొయ్య చెక్కినవాళ్ల పేరు ముందు ఉండాలి.