వేలిముద్రల లెక్క తేల్చిన హక్

పోలీసు అనగానే మన కన్నుల ముందు లాఠీ, తుపాకి మెదలుతాయి. కాని ఆ వృత్తిలో ఆయుధం పట్టకుండా, కాగితాల నడుమ కూర్చుండి లోకానికి మేలు చేసినవారు కూడా ఉన్నారు. వారిలో అగ్రగణ్యులు ఖాన్ బహదూర్ కాజీ అజీజుల్ హక్.

హక్ 1872లో అవిభక్త బెంగాల్‌లోని ఖుల్నా ప్రాంతంలో, పైగ్రామ్ కస్బా అనే గ్రామంలో జన్మించారు. ఆ ఊరు నేడు బంగ్లాదేశ్‌లో ఉంది. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకొనే రోజులలోనే గణితంలో ఆయన ప్రతిభ అధ్యాపకుల దృష్టిని ఆకర్షించింది. ఆ సమయంలో బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీకి లెక్కలలో నేర్పరి అయిన యువకుడు కావలసివచ్చింది. కళాశాల ప్రధానాచార్యులు హక్ పేరు సూచించారు. అలా 1892లో ఆయన సబ్‌ఇన్‌స్పెక్టరుగా పోలీసు శాఖలో ప్రవేశించారు.

ఆ కాలంలో పాత నేరస్థుని గుర్తుపట్టడం కష్టసాధ్యమైన పని. పేరు, వేషం మార్చుకొన్నవాడు సులభంగా తప్పించుకొనేవాడు. ఫ్రాన్సు దేశీయుడైన బెర్తియాఁ రూపొందించిన శరీర కొలతల పద్ధతిని బెంగాల్‌లో అనుసరించేవారు. అయితే ఒకే మనిషిని ఇద్దరు ఉద్యోగులు కొలిస్తే కొలతలు వేరువేరుగా వచ్చేవి. ఈ లోపాన్ని గ్రహించిన హక్ దృష్టి వేలిముద్రలపైకి మళ్ళింది.

వేలిముద్రలు జీవితాంతం మారవనీ, ఒకరి ముద్ర మరొకరి ముద్రను పోలి ఉండదనీ గాల్టన్ అనే శాస్త్రవేత్త అప్పటికే వివరించారు. కాని వేల కాగితాల నుండి కావలసిన ఒక్క కాగితాన్ని వెదికి తీయడం ఎలా? ఈ చిక్కుముడిని విప్పినది హక్ గణిత ప్రజ్ఞయే.

ఆయన పది వేళ్ళను అయిదు జంటలుగా విభజించి, జంటలకు వరుసగా 16, 8, 4, 2, 1 అనే విలువలు ఇచ్చారు. మన పెద్దలు చక్రం అని పిలిచే సుడి ఉన్న వేలికి మాత్రమే ఆ విలువ వర్తిస్తుంది. తక్కిన వేళ్ళకు సున్న. జంటలలోని మొదటి వేళ్ళ విలువలను ఒకవైపు, రెండవ వేళ్ళ విలువలను మరొకవైపు కూడి, ప్రతి మొత్తానికి ఒకటి కలపాలి. అప్పుడు 1 నుండి 32 వరకు గల రెండు సంఖ్యలు వస్తాయి. ఆ విధంగా ముద్రలన్నీ 1,024 గూళ్ళలో అమరిపోయాయి. సహోద్యోగి హేమచంద్ర బోస్ ఈ పద్ధతిని మరింత అభివృద్ధి చేశారు.

1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. ప్రపంచంలో ఇటువంటి కార్యాలయాలలో ఇదే మొదటిది. జల్పాయిగురిలో ఒక తేయాకు తోట మేనేజరు హత్యకు గురైనప్పుడు, అక్కడి క్యాలెండరుపై ఉన్న నెత్తుటి బొటనవ్రేలి ముద్ర కార్యాలయంలోని ఒక పాత దొంగ ముద్రతో సరిపోయింది. న్యాయస్థానం 1898లో అతని దొంగతనాన్ని నిర్ధారించింది. ప్రత్యక్షసాక్షి లేనందున హత్యానేరాన్ని మాత్రం మోపలేదు.

1901లో హెన్రీ లండన్ వెళ్ళి, స్కాట్లండ్‌యార్డులో ఈ పద్ధతిని ప్రవేశపెట్టారు. అక్కడి నుండి అది అనేక దేశాలకు వ్యాపించింది. కాని లోకం దానిని హెన్రీ పద్ధతి అని పిలిచింది. ఆ పేరులో హక్‌కు గాని, బోస్‌కు గాని చోటు దక్కలేదు.

హక్ తన కర్తవ్యాన్ని విడువలేదు. 1912లో బీహారు ప్రత్యేక రాష్ట్రమైన పిదప అక్కడి పోలీసు శాఖలో సేవ కొనసాగించారు. ప్రభుత్వం ఆయనకు 1913లో ఖాన్ సాహెబ్, 1924లో ఖాన్ బహదూర్ బిరుదులను, అనంతరం 5,000 రూపాయల పారితోషికాన్ని ఇచ్చింది. పద్ధతిని తీర్చిదిద్దడంలో తన సిబ్బందిలో అందరికంటె ఎక్కువగా తోడ్పడినవారు హక్ అని హెన్రీ 1926లో లిఖితపూర్వకంగా అంగీకరించారు. అప్పటికి మూడు దశాబ్దాలు గడచిపోయాయి. విశ్రాంత జీవితాన్ని మోతీహారీలో గడిపిన హక్ 1935లో కన్నుమూశారు.

గూళ్ళ స్థానంలో నేడు కంప్యూటర్లు వచ్చాయి. అయినా నేరాన్ని ఊహతో, బలప్రయోగంతో కాక ఆధారంతో నిరూపించాలన్న మార్గాన్ని సుగమం చేసినవారిలో హక్ ఒకరు. దోషి తప్పించుకోకుండా, నిర్దోషి శిక్షకు గురికాకుండా కాపాడే పని పేరు కోసం చేసేది కాదు. పునాదిరాయి కనబడకపోయినా భవనాన్ని మోస్తూనే ఉంటుంది. హక్ జీవితం అటువంటిది.