క్రిమి చావాలి.. కండ కాలకూడదు
ఫిబ్రవరి 10 జోసెఫ్ లిస్టర్ వర్ధంతి

మందుల దుకాణాల్లో కనిపించే లిస్టరిన్ సీసాపై ఉన్నది ఒక శస్త్రవైద్యుని పేరు. ఆ మందు ఆయన తయారు చేసినది మాత్రం కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగర వైద్యుడు జోసెఫ్ లారెన్స్ 1879లో దానిని రూపొందించి, ఇంగ్లండ్‌కు చెందిన జోసెఫ్ లిస్టర్‌పై గౌరవంతో ఆయన పేరు పెట్టారు. తొలుత శస్త్రచికిత్సలకు వాడిన ఆ ద్రావణం 1895లో దంతవైద్యులకు, తరువాత ఇంటింటి పుక్కిలింతకు చేరింది. క్రిమిని చంపే మందు మనిషి కండను కాల్చకుండా చూడడమెలా అన్న ప్రశ్నతో లిస్టర్ పాతికేళ్లు సతమతమయ్యారు.

1827 ఏప్రిల్ 5న లండన్ సమీపంలోని అప్టన్‌లో లిస్టర్ జన్మించారు. తండ్రి ద్రాక్షసారా వ్యాపారి అయినా సూక్ష్మదర్శిని కటకాలను మెరుగుపరచి పేరు పొందారు. ఆ పరికరం కుమారునికి చిన్ననాటి నుంచే అలవడింది. ఎడిన్‌బరోలో ఉండగా కప్ప కాలి పొరపై ఆవపిండి వంటి ఘాటు పదార్థాలుంచి, సజీవ కణజాలం ఎలా దెబ్బతింటుందో ఆయన గంటల తరబడి గమనించారు. క్రిముల సంగతి తెలియకముందే మందు చేసే కీడు ఆయన కంట పడింది.

1860లో గ్లాస్గోలో ఆచార్య పదవి చేపట్టారు. అక్కడి ఆస్పత్రిలో 1864-66 మధ్య అవయవాలు తొలగించిన 35 మందిలో 16 మంది మరణించారు. పుండు కుళ్లడానికి చెడుగాలే కారణమని నాటి వైద్యుల నమ్మకం. పాశ్చర్ పరిశోధనలు చదివిన లిస్టర్ సూక్ష్మజీవులను అనుమానించారు. కార్లైల్ పట్టణంలో మురుగు దుర్గంధాన్ని అణచేందుకు కార్బాలిక్ ఆమ్లం వాడుతున్నారని విని, దానినే ఎంచుకున్నారు.

పదకొండేళ్ల బాలుడు

1865 ఆగస్టు 12న బండి చక్రం కింద పడి కాలి ఎముక విరిగి, చర్మం చీరుకుపోయిన జేమ్స్ గ్రీన్‌లీస్ అనే బాలుని ఆస్పత్రికి తెచ్చారు. అటువంటి గాయానికి నాడు కాలు తీసివేయడమే తరచు శరణ్యం. లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డతో కట్టు కట్టారు. నాలుగు రోజులకు విప్పి చూడగా గాయం కుళ్లలేదు. చర్మం మాత్రం మందు ఘాటుకు మండింది. ఆరు వారాలకు ఎముక అతికింది. 1867-69 మధ్య అవయవాలు తొలగించిన 40 మందిలో మరణించినవారు ఆరుగురే.

అంతటితో ఆయన తృప్తి చెందలేదు. ఆమ్లాన్ని నీటిలో, నూనెలో పలుచన చేశారు. పుండుకు, మందు గుడ్డకు నడుమ నూనె పట్టించిన పట్టు గుడ్డను అడ్డుంచారు. గాలిలోని క్రిముల కోసమని గదినిండా ఆమ్లం చిమ్మే యంత్రం తెచ్చారు. దాని తుంపరలు వైద్యుల చేతులకు, ఊపిరికి బాధాకరమయ్యాయి. గాలి కన్నా చేతులు, పరికరాల వల్లనే ముప్పని గ్రహించి 1890లో బెర్లిన్ మహాసభలో ఆ పద్ధతికి స్వస్తి పలికారు. తన పొరపాటును నిండు సభలో అంగీకరించడం పెద్దవారికి అంత సులభం కాదు.

ఆ చిక్కు నేటి పుక్కిలింత మందులకూ తప్పలేదు. లిస్టరిన్‌లో కార్బాలిక్ ఆమ్లం లేదు. వాము ఘాటుకు మూలమైన థైమాల్ ఉంది. దంతవైద్యులు రాసే క్లోర్‌హెక్సిడిన్ నోటి బ్యాక్టీరియాను గట్టిగా అణచగలదు. అయితే ప్రయోగశాలలో చిగురు కణాలపై నేరుగా పోసినప్పుడు, గాఢతను, సమయాన్ని బట్టి వాటినీ చంపుతున్నట్లు తేలింది. నోటిలో లాలాజలం దానిని పలుచన చేస్తుంది గనుక అంత హాని కనిపించదు. ఎక్కువ రోజులు వాడితే పళ్లకు మరక పడుతుంది, రుచి మారుతుంది. అందుకే దానిని సాధారణంగా కొద్ది రోజులకే పరిమితం చేస్తారు.

లిస్టర్ ప్రయోగాల వివరాలను చాలావరకు స్వదస్తూరితో రాసిపెట్టినది ఆయన భార్య ఆగ్నెస్. 1893లో ఇటలీలో ఆమె కన్నుమూశారు. 1912 ఫిబ్రవరి 10న కెంట్ తీరంలోని వామర్‌లో 84వ ఏట లిస్టర్ మరణించారు. అంత్యక్రియల ప్రార్థనలు వెస్ట్‌మినిస్టర్ అబేలో జరిగినా, ఆయనను లండన్‌లోని హాంప్‌స్టెడ్ శ్మశానవాటికలో ఆగ్నెస్ చెంతనే ఖననం చేశారు.