గుర్తు తెలియని వ్యక్తులు

నాది మొదటి నుంచీ ఇంగ్లీష్ మీడియం. తెలుగు కూడబలుక్కుంటూ చదువుతాను. అందుకే సెలవులకి ఇంటికెళ్తే తాతయ్య పేపర్ నా చేతికిచ్చి పైకి చదవమంటారు. అలా చదివీ చదివీ నాకు తడుముకోకుండా వచ్చేసిన మాట ఒకటుంది: గుర్తు తెలియని వ్యక్తులు. జిల్లా పేజీలో హత్య వార్త ఉందంటే చాలు, వీళ్లు కూడా ఉంటారు.

ఐడా బి. వెల్స్ జీవితం చదువుతుంటే ఆ మాటే మళ్లీ ఎదురొచ్చింది. ఆ కాలంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఒక నల్లవాడిని మూక లాక్కెళ్లి చంపితే, అధికారులు మామూలుగా రాసే ముగింపు అదే. చంపిందెవరో ఊరంతా చూసేది. కాగితం మీద మాత్రం తెలియని వ్యక్తులు. మనం చదివే మర్డర్ మిస్టరీలకి ఇది పూర్తిగా రివర్స్. హంతకుడు తెలుసు, మిస్టరీ అంతా ఎందుకు చంపారన్న దగ్గరే ఉంది.

ఐడా 1862 జులై 16న మిసిసిపీలోని హోలీ స్ప్రింగ్స్‌లో పుట్టింది, బానిసల బిడ్డగా. అంతర్యుద్ధం ముగిశాక స్వేచ్ఛ వచ్చింది. 1878లో ఆ ఊరికి యెల్లో ఫీవర్ వచ్చి అమ్మా, నాన్నా, చంటి తమ్ముడూ పోయారు. తనకప్పుడు 16 ఏళ్లు. మిగిలిన పిల్లల్ని తలా ఒక ఇంటికి పంచుదామని పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే ఒప్పుకోలేదు. పెద్దదానిలా కనిపించడానికి గౌన్ల అంచులు విప్పి పొడుగు చేసుకుని, వయసు ఎక్కువ చెప్పి టీచర్ ఉద్యోగంలో చేరింది. మనం 16 ఏళ్లకి ఇంటర్ రికార్డులు రాసుకుంటున్నాం.

తర్వాత మెంఫిస్ వెళ్లింది. రైల్లో లేడీస్ కోచ్‌కి టికెట్ కొనుక్కుని కూర్చుంటే, నల్లమనిషివి కాబట్టి వేరే పెట్టెలోకి పొమ్మన్నాడు కండక్టర్. చెయ్యి పట్టి లాగితే ఆ చెయ్యి కొరికింది. ఆగలేదు, కంపెనీ మీద కేసు వేసింది. 1884లో 500 డాలర్లు గెలిచింది కూడా. 1887లో టెన్నెసీ సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఆ కేసు గురించి రాయడంతోనే పత్రికల్లోకి వచ్చింది, 1889కల్లా ఫ్రీ స్పీచ్ అనే పత్రికలో వాటాదారు, ఎడిటర్.

మెంఫిస్‌లో థామస్ మాస్ అని ఒక పోస్ట్‌మ్యాన్ ఉండేవాడు. ఐడాకి దగ్గరి స్నేహితుడు, అతని కూతురికి ఆవిడ గాడ్‌మదర్. అతను ఇంకొందరితో కలిసి పీపుల్స్ గ్రోసరీ అని కిరాణా కొట్టు పెట్టాడు. ఆ పేటలో అప్పటిదాకా ఒక తెల్లవాడిదే కొట్టు. పిల్లలు గోళీలాటలో కొట్టుకున్నారు, అందులోకి పెద్దవాళ్లు దిగారు, గొడవ ముదిరింది. ఒక రాత్రి సాయుధులు కొట్టు మీదికి వచ్చారు, లోపలివాళ్లు కాల్చారు, కొందరు గాయపడ్డారు. మాస్‌నీ, మెక్‌డోవెల్‌నీ, స్టువర్ట్‌నీ జైల్లో పెట్టారు. 1892 మార్చి 9 తెల్లవారుజామున మూక ఆ ముగ్గుర్నీ జైల్లోంచి తీసి, ఊరి బయట రైలు పట్టాల దగ్గర కాల్చి చంపింది. ఎవరికీ శిక్ష పడలేదు.

నన్ను ఆపేసిన విషయం ఇక్కడుంది. అప్పటిదాకా ఐడా కూడా పేపర్లు చెప్పింది నమ్మింది. మూక చంపేది తెల్ల ఆడవాళ్ల మీద అఘాయిత్యం చేసినవాళ్లనే అని, పద్ధతి తప్పే అయినా కారణం నిజమేనేమో అని అనుకుందట. కానీ మాస్ ఏ ఆడమనిషి జోలికీ పోలేదు. చేసిందల్లా పప్పూ ఉప్పూ అమ్మి పక్క కొట్టుకి పోటీ రావడం. ఇతని విషయంలో అబద్ధమైతే మిగతావాళ్ల సంగతేంటి?

అక్కడ మొదలైంది పరిశోధన. మిసిసిపీలో ఏడేళ్ల పాప మీద అత్యాచారం చేశాడని ఒకర్ని చంపినట్టు వార్త వస్తే ఆ ఊరికే వెళ్లింది. పాప కాదు, 17 ఏళ్లు దాటిన అమ్మాయి. కూతురు అతని గుడిసెలో దొరికేసరికి పరువు కోసం తండ్రే మూకని తెచ్చాడు.

ఒక్కో ఊరూ తిరిగితే ఒక్కో కథ అంటారు. అందుకని లెక్కలు తీసింది. నల్లవాళ్ల పత్రికల లెక్క ఇస్తే అబద్ధమంటారని, తెల్లవాళ్ల చికాగో ట్రిబ్యూన్ వేసిన జాబితానే తీసుకుంది. 728 హత్యలు. అందులో అత్యాచారం అన్న ఆరోపణైనా ఉన్నవి మూడోవంతే. నిరూపణ కాదు, ఆరోపణ! 1895లో వేసిన ద రెడ్ రికార్డ్‌లో పేరు, ఊరు, తేదీ, ఆరోపణ అన్నీ వరసగా ఉంటాయి. ఎక్సెల్ షీట్ చూసినట్టే ఉంటుంది, కాకపోతే ప్రతి రో ఒక మనిషి. డేటా సైన్స్ అనే మాట పుట్టకముందు ఒకావిడ ఎదుటివాళ్ల డేటాసెట్‌తోనే ఎదుటివాళ్ల వాదన పడగొట్టింది.

దీనికి ముందే, 1892 మేలో, ఆ ఆరోపణల్ని శంకిస్తూ సంపాదకీయం రాసింది. ఆవిడ ఊళ్లో లేని టైంలో మూక ప్రెస్ ధ్వంసం చేసింది. తిరిగొస్తే చంపుతామన్నారు. వెళ్లలేదు. న్యూయార్క్‌లో రాసింది, ఇంగ్లాండ్ వెళ్లి ఉపన్యాసాలిచ్చింది, చికాగోలో లాయర్ ఫెర్డినాండ్ బార్నెట్‌ని పెళ్లి చేసుకుంది, పిల్లల్ని పెంచింది.

దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ దక్షిణాదిన అడుగుపెట్టింది. 1919లో ఆర్కన్సాలో పత్తి కౌలురైతులు సరైన ధర కోసం ఒక చర్చిలో సమావేశమైతే కాల్పులు జరిగాయి, ఆపైన నల్లవాళ్ల ఊచకోత జరిగింది. చివరికి మరణశిక్ష పడింది పన్నెండు మంది నల్లవాళ్లకే. ఆవిడ వాళ్ల భార్యలతో కలిసి, దూరపు చుట్టంలా మామూలు బట్టల్లో జైలుకెళ్లింది. కాపలావాడు పట్టించుకోలేదు. ఎవరికెన్ని ఎకరాలు, ఎంత పత్తి, ఎన్ని పశువులు పోయాయో వాళ్ల చేత చెప్పించి లెక్క కట్టింది. మళ్లీ అదే జవాబు: పంట ఎవరికి పోయిందో చూస్తే కారణం తెలుస్తుంది. వెళ్లేముందు వాళ్లు పాటలు పాడారు, అన్నీ చావు గురించీ స్వర్గం గురించే. ఆవిడకి కోపం వచ్చింది. చావడానికి కాదు, బయటపడటానికి ప్రార్థన చెయ్యమంది.

1923లో అమెరికా సుప్రీంకోర్టు, మూక భయంలో జరిగిన విచారణ విచారణే కాదంది. 1925 నాటికి పన్నెండు మందీ బయటికొచ్చారు. ఐడా 1931 మార్చి 25న చనిపోయింది. ఆవిడ ఆత్మకథ కూతురి చేతుల మీదుగా 1970లో వచ్చింది.

ఆ పుస్తకంలో ఉన్న సంగతే ఇది. ఒక ఆదివారం సాయంత్రం చికాగోలో తలుపు తట్టిన చప్పుడు. ఎవరో తెలియని కుర్రాడు. ఆ పన్నెండు మందిలో తనూ ఒకడినన్నాడు. అడ్రస్ వెతుక్కుంటూ వచ్చాడు. ఆ రోజు ఆవిడ అలా చెప్పి వెళ్లాక, మళ్లీ జైల్లో ఎవరూ చావు గురించి మాట్లాడుకోలేదని చెప్పాడు.