ఏనుగుల వీరాస్వామయ్య గారు

నల్లమల అడవిలోని జలపాతములను చూడబోవువారు ఈ కాలమున చాలమంది కలరు. డోనునుండి నంద్యాల, నంద్యాలనుండి ఆళ్లగడ్డ, అచ్చటినుండి అహోబిలము, అంతయు తారురోడ్డే. మనది వానకై ఆకాశము వంక చూచు మెట్టసీమ. ఇట్టి సీమలోని పిల్లలకు కొండచరియనుండి నీరు తెల్లని ధారగా పడుచుండుట కన్నుల పండుగ. కాని సరియైన త్రోవయే లేని దినములలో ఈ అడవికి వచ్చి, తాను కన్నదానిని వెనుక వచ్చువారికొఱకు వ్రాసి యుంచిన తెలుగు పెద్ద యొకరు కలరు. ఆయనయే ఏనుగుల వీరాస్వామయ్య గారు. వారి జీవితమును ఇందు సంక్షేపముగా చెప్పుచున్నాము.

వీరాస్వామయ్యగారు 1780వ సంవత్సర ప్రాంతమున చెన్నపట్టణమున ఒక నియోగి కుటుంబములో జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయిరి. అయినను చదువు విడువక, చిన్ననాటనే ఇంగ్లీషు నేర్చి, కుంఫిణీవారి కొలువున ప్రవేశించి, క్రమముగా చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసిగా పేరుగాంచిరి. దుబాసి పని తేలికయైనది కాదు. సాక్షి తెలుగునగాని అరవమునగాని చెప్పినదానిని న్యాయాధిపతికి ఇంగ్లీషులో తెలుపవలెను. ఒక్క మాట హెచ్చినను తగ్గినను ఒకని ఆస్తి, ఒక్కొక్కప్పుడు ప్రాణమే, పోవచ్చును. చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు చెప్పు అలవాటు ఆయనకు ఈ వృత్తివలననే దృఢపడినదని మేము తలంచుచున్నాము.

1830వ సంవత్సరము మే 18వ తేదీన ఆయన సెలవు పొంది కాశీయాత్రకు బయలుదేరిరి. కుటుంబము, పరిచారకులు, బోయీలు అందఱు కలిసి దాదాపు నూరుమంది. దక్షిణదేశమున ప్రయాణికుల మొదటి రైలుబండి నడచినది 1856లో. కావున సవారీలు, డేరాలు, కాలినడకయే ఆధారము. తిరుపతి, కడపల మీదుగా వచ్చి అహోబిలము చేరి, పిదప మహానందిని చూచి, ఆత్మకూరు త్రోవను శ్రీశైలము పోయిరి. అహోబిలము మొదలు శ్రీశైలము వరకు చెప్పిన స్థలములు 2022లో ఏర్పడిన మన నంద్యాల జిల్లాలోనివే.

అహోబిలము సంగతి కొంచెము విపులముగా చెప్పవలెను. దిగువ అహోబిలము కొండల మొదట నున్నది. ఎగువ అహోబిలము అచ్చటికి సుమారు 5 మైళ్లు. ఈ కొండలనడుమనే భవనాశిని యను ఏఱు పాఱుచున్నది. నల్లమలలో గట్టిపడిన ఇసుకరాతి పొరలును, మెత్తని పలకరాతి పొరలును కలవు. నీరు మెత్తని రాతిని త్వరగా తినివేయును. గట్టిరాయి మెట్టువలె నిలుచును. ఆ మెట్టుపైనుండి ఏఱు క్రిందికి దుముకుటయే జలపాతము. జ్వాలా నరసింహుని గుహ చెంత ఇట్టి ధార యొకటి ఎత్తైన చరియనుండి పడును. వానలు కురిసిన పిమ్మట దాని హోరు దూరమునకే వినవచ్చును. ఎండకాలమున సన్నని నూలుపోగువలె నుండును. వీరాస్వామయ్యగారు ఈ ప్రాంతమునకు వచ్చినది వేసవి ముగియు దినములలో. బాటసారికి నీటి విలువ బాగుగా తెలియు కాలమది.

ఆయనకు ముందు ఈ కొండలను ఎందఱో యాత్రికులు ఎక్కిరి, దిగిరి, ఇండ్లకు పోయిరి. చూచిన వింత వారితోనే పోయినది. వీరాస్వామయ్యగారు అట్లు చేయలేదు. మజిలీ మజిలీకి దూరమెంత, బాట ఎట్టిది, త్రాగునీరు దొరకునా, అంగళ్లు కలవా, దిగుటకు వసతి యున్నదా యని విచారించి, దినచర్యగా వ్రాసి, కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల యను స్నేహితునికి పంపుచుండిరి. అడవిలో కాపురముండు చెంచువారిని గూర్చియు వ్రాసిరి. అప్పుడు ఈ సీమ కందనవోలు నవాబు పాలనలో నుండెను. కుంఫిణీవారు దానిని స్వాధీనము చేసికొన్నది 1839లో. శ్రీశైలపు యాత్రికులయొద్ద నవాబు సొమ్ము గైకొనుటను కూడ ఆయన దాచక వ్రాసిరి.

ఆయనను పొగడునప్పుడు బోయీలను మఱువరాదు. సవారీలో ఆయన దాటిన కనుమలను వారు భుజములపై బరువుతో దాటిరి. ఆ గ్రంథము మన చేతికి వచ్చుటలో వారి చెమటయు కలదు.

ఇచ్చటినుండి ఆయన హైదరాబాదు, నాగపురము, ప్రయాగల మీదుగా కాశి చేరి, గయ, కలకత్తా, పూరీలను చూచి, తూర్పుతీరము వెంబడి తిరిగివచ్చి, 1831 సెప్టెంబరు 3న చెన్నపట్టణము చేరిరి. పదునైదు మాసములకు పైబడిన ఆ ప్రయాణములో ఆయన వ్రాత మానలేదు. 1836లో ఆయన కాలధర్మము నొందిరి. తన వ్రాతను అచ్చులో చూచుకొను భాగ్యము ఆయనకు కలుగలేదు. శ్రీనివాసపిళ్లగారు 1838లో దానిని కాశీయాత్రా చరిత్ర యను పేర ముద్రింపించిరి. తరువాత ప్రతులు అరుదు కాగా, 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పరిష్కరించి మరల వెలువరించిరి. స్నేహితు డొకడు ఉత్తరములను భద్రపఱుపకున్నను, పండితు డొకడు శ్రద్ధ వహింపకున్నను, దాదాపు ఇన్నూఱేండ్లకు పూర్వపు మన త్రోవలు మనకు తెలియకయే పోయెడివి.

విద్యార్థులారా, జలపాతమును చూచి అందముగా నున్నదని చెప్పుట సులభము. ఆ మాట మీ తరువాత పోవువానికి ఉపయోగపడదు. ఏ రాయి పాచిపట్టి జారునో, ఏ మడుగు లోతో, ఎచ్చటి నీరు త్రాగదగినదో, వాన వచ్చినప్పుడు ఏ త్రోవను విడువవలెనో గుర్తించి చెప్పినచో, అది ఎఱుగని బాటసారి ప్రాణమును కాపాడవచ్చును. వీరాస్వామయ్యగారు చేసిన పరోపకార మిదియే. ధనము లేనివాడును దీనిని చేయగలడు. మీరు ఈ మాఱు అహోబిలము పోవునప్పుడు ఒక చిన్న పుస్తకమును, పెన్సిలును వెంట తీసికొనిపొండు. ఇంటికి వచ్చిన పిమ్మట వ్రాయుదమని వాయిదా వేయక, అచ్చటనే, చూచిన వెంటనే వ్రాయుడు. ఆ వ్రాతలను మాకు చూపినచో, మంచివానిని వచ్చే సంచికలో చేర్చెదము.