ఆరవ నిజాము – లండను వాటాలు

సికింద్రాబాదునుండి కాజీపేటకు పోవు రైలుదారి మౌలాలి, చర్లపల్లి మీదుగా సాగును. చర్లపల్లికి ఉత్తరమున, ఆ దారికి చేరువనే దమ్మాయిగూడ యున్నది. ఆ పరిసరముల బడిపిల్లలకు రైలు నిత్యపరిచితమైన వస్తువు. కాని ఆ దారి వేయుటకు వలసిన ధనము లండను నగరమున వాటాల రూపమున ప్రోగుచేయబడినదనియు, ఆ రైలుబండ్లకు వలసిన బొగ్గును త్రవ్విన కంపెనీ వాటాలు కూడ లండనులోనే చేతులు మారినవనియు, ఆ వాటాలను కొనబోయి ఒక రాజ్యము తన సేవకుని చేతనే మోసపోయినదనియు వారిలో ఎందఱెఱుగుదురు? ఆ రాజ్యమునకు ప్రభువు మీర్ మహబూబ్ అలీఖాన్, ఆరవ నిజాము. అప్పటి కాయన ఇరువదియేండ్ల యువకుడు.

మహబూబ్ అలీఖాన్ 1866 ఆగస్టులో హైదరాబాదున జన్మించెను. తండ్రి అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో మరణింపగా, మూడేండ్లైనను నిండని బాలుని గద్దెపై కూర్చుండబెట్టిరి. రాజ్యభారము దివాను మొదటి సాలార్‌జంగుపై పడినది. సాలార్‌జంగు కార్యదక్షుడు. చిక్కుపడిన ఖజానాను చక్కబెట్టి, రాజ్యమును జిల్లాలుగా విభజించి, పాలన కొక క్రమము నేర్పఱచినవాడు. బాలప్రభువు ఆయన నీడలో పెరిగెను. ఉర్దూ, ఫారసీ, అరబ్బీ భాషల నభ్యసించెను. ఆంగ్లేయ గురువులు వచ్చి ఇంగ్లీషు నేర్పిరి. గుఱ్ఱపుస్వారియందును, వేటయందును ఆరితేరెను. ఆసఫ్ అను పేరుతో ఉర్దూలో కవిత్వము చెప్పెను. రాజ్యపు పద్దులు మాత్రము దివాను చేతనే యుండెను.

1883 ఫిబ్రవరి 8వ తేదీన సాలార్‌జంగు కలరాచే ఆకస్మికముగా మరణించెను. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో వైస్రాయి రిప్పను ప్రభువు హైదరాబాదునకు వచ్చి మహబూబ్ అలీఖానునకు సర్వాధికారముల నొప్పగించెను. గతించిన దివాను కుమారుడు లాయక్ అలీ, రెండవ సాలార్‌జంగు అను పేరుతో, కొత్త దివాను అయ్యెను. ప్రభువునకు పదునెనిమిదేండ్లు నిండలేదు. దివాను కూడ ఆయనకంటె కొలది సంవత్సరములే పెద్ద. ఇంతటి పిన్నవయస్కుల చేతికి అంతటి పెద్ద రాజ్యము వచ్చినది. అదే కాలమున లండను ధనికుల దృష్టియు దానిపై బడినది.

హైదరాబాదు రాజ్యమునకు రైలు 1874లోనే వచ్చినది. వాడినుండి సికింద్రాబాదువఱకు వేసిన ఆ దారిని తూర్పుగా వరంగల్లునకును, అటుపైన బెజవాడకును పొడిగింపవలెనని 1883లో ఒక పథకము సిద్ధమైనది. లండనులో ఒక కంపెనీ ఏర్పడును. అది వాటాలమ్మి ధనము తెచ్చును. లాభము వచ్చినను రాకున్నను ఆ మూలధనముపై నూటికి అయిదు వంతున ఇరువదియేండ్లు నిజాము ప్రభుత్వము హామీ యిచ్చును. లాభము పరులది, నష్టభయము రాజ్యముది. ఈ షరతులను ప్రజలకు తెలుపవలెనని కొందఱు విద్యావంతులు ఆందోళన సాగించిరి. వారిలో ముఖ్యుడు ఆచార్య అఘోరనాథ చట్టోపాధ్యాయుడు, సరోజినీదేవికి తండ్రి. ఫలితముగా ఆయనను 1883లో హైదరాబాదునుండి వెడలగొట్టిరి. ప్రశ్నించినవాడు ఊరు విడిచెను. రైలు ముందునకు సాగెను. 1886లో వరంగల్లును, 1889లో బెజవాడను చేరినది.

ఈ వ్యవహారములో లండను వర్తకులతో సంప్రదింపులు జరిపినవాడు అబ్దుల్ హక్. బొంబాయి రాజధానిలో పోలీసు ఉద్యోగము చేసి, మొదటి సాలార్‌జంగు కాలమున హైదరాబాదు కొలువునకు వచ్చి, సర్దారు దిలేర్‌జంగు అను బిరుదు పొందిన చతురుడు. ఇంగ్లీషువారి మాటతీరు, వ్యాపారరీతి ఎఱిగినవాడు. కొలువులో అట్టివా రరుదు. అందుచే రాజ్యము తన కన్నులను ఆతనికి అప్పగించినది.

రైలునకు బొగ్గు కావలెను. భూగర్భశాఖకు చెందిన విలియం కింగు 1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గు పొరలను కనుగొని యుండెను. సమీపముననున్న సింగరేణి గ్రామము పేరు ఆ గనులకు స్థిరపడినది. 1886 జనవరిలో వాట్సను, స్టూవర్టు అను ఇరువురు ఆంగ్లేయులకు నిజాము ప్రభుత్వము రాజ్యములోని గనులపై 99 ఏండ్ల హక్కు నిచ్చెను. ఆ హక్కును పురస్కరించుకొని లండనులో హైదరాబాదు దక్కను కంపెనీ ఏర్పడినది.

ఆ కంపెనీ మూలధనము కాగితముపై పది లక్షల పౌనులు. ఒక్కొక్కటి పది పౌనుల చొప్పున లక్ష వాటాలు. కంపెనీకి పెట్టుబడి పెట్టినవారు తమ సొమ్మునకు తగినన్ని వాటాలు పొందుట, లాభము వచ్చినపుడు ఆ వాటాల లెక్కను పంచుకొనుట లోకములోని పద్ధతి. ఇచట జరిగినది వేఱు. లక్ష వాటాలలో 85,000 వాటాలు, పూర్తిగా సొమ్ము చెల్లినట్లే వ్రాసికొని, హక్కును సంపాదించిన ఆ యిరువురి పక్షమున కిచ్చివేసిరి. అనగా నిజాము ఉచితముగా నిచ్చిన కాగితమునకు కంపెనీ ఎనిమిదిన్నర లక్షల పౌనుల విలువ కట్టినది. బొగ్గు త్రవ్వుటకు నగదు తేగలవి మిగిలిన 15,000 వాటాలు మాత్రమే.

లండను వాటాల విపణి ఆనాడు ప్రపంచమున కెల్ల పెద్దది. కాని అందులో ఈ కంపెనీ వాటాల అంగడి మిక్కిలి చిన్నది. వాటాలలో అధికభాగము కొద్దిమంది గుప్పిటనే యుండెను. సంతకు నూఱు బస్తాల ధాన్యము వచ్చినచో ధరను అందఱి బేరము నిర్ణయించును. తొంబది బస్తాలు ఒక్క షావుకారు కొట్టులోనే యుండి, పది మాత్రమే సంతకు వచ్చినచో, ఆ పదింటిని తన మనుష్యులచేతనే ఎక్కువ ధరకు కొనిపించి, ఇదియే నేటి ధరయని ఆ షావుకారు చాటగలడు. ఆ ధర విని దూరపుటూరివాడు వచ్చి కొట్టులోని బస్తాలను కొనును. సరుకెంతో, అమ్మువాడెవడో ఎఱుగని దూరస్థునకు చిన్న అంగడిలోని ధర ఇట్లే కన్నులు మూయును.

హైదరాబాదు ప్రభుత్వము ఆ దూరస్థుని స్థానమున నిలిచినది. తన భూమిలోని గనులపై తనకును కొంత పట్టు ఉండవలెనని కంపెనీ వాటాలను కొనదలచినది. ఆలోచన మంచిదే. కొనిపెట్టు భారమును అబ్దుల్ హక్కు కప్పగించిరి. పది పౌనుల వాటాను పన్నెండు పౌనులకు రాజ్యము పక్షమున ఆతడు కొనెను. విపణిలో ధర అట్లున్నదని హైదరాబాదువారు నమ్మిరి. కాని ఆ వాటాలు విపణిలోనివి కావు, అబ్దుల్ హక్కువే. హక్కును సంపాదించిన వారితో ఆతనికి రహస్యముగా భాగము కలదు. ఉచితముగా లభించిన 85,000 వాటాలలో తన భాగమునకు వచ్చినవానిని తన ప్రభువునకే అమ్మెను. కొనినవాని ప్రతినిధియు, అమ్మినవాడును ఒక్కడే. ఆ వాటాలకు ఖజానానుండి పోయిన ధనమో, పొలము దున్ని శిస్తు కట్టిన రైతుది.

1888లో రహస్యము పొక్కినది. అప్పటికి రెండవ సాలార్‌జంగు పదవి వదలి సంవత్సరమైనది. అస్మాన్‌జా దివానుగా నుండెను. అబ్దుల్ హక్కు నుద్యోగమునుండి తొలగించిరి. లండనులో ఆ సంవత్సరమే పార్లమెంటు ఒక సెలెక్టు కమిటీని నియమించి విచారణ జరిపినది. నిజాము పక్షమున వాదము వినిపించుటకు మెహదీ హసన్ అను ఉద్యోగి సముద్రము దాటి వెళ్ళెను. లెక్కలన్నియు బట్టబయలైనవి. అయినను గనులపై కంపెనీకిచ్చిన హక్కు రద్దు కాలేదు. తన భూమిలోని బొగ్గును గూర్చిన తగవు తీర్చుకొనుటకు హైదరాబాదు పరదేశపు సభాగృహమునకు పోవలసి వచ్చినది. అయిదేండ్లకు ముందు అఘోరనాథుడు అడిగినది షరతులు అందఱికి తెలియవలెననియే. ఆ మాట చెవిని పెట్టియున్నచో ఈ దుర్గతి పట్టియుండునా?

ప్రభువు ఈ మోసములో భాగస్వామి కాడు. ఆయన దోషమెల్ల నమ్మకము. పెద్దమనసు, విచ్చలవిడి దానము, ఎవనినో ఒకనిని నమ్మి కార్యభారమంతయు వదలుట ఆయన స్వభావము. ఆ స్వభావమే 1891లో మరల చిక్కు తెచ్చినది. సిమ్లాలో రత్నవ్యాపారము చేయుచుండిన జాకబు ఒక మహావజ్రమును బేరము పెట్టెను. ప్రభువు 23 లక్షల రూపాయలు ముందుగా నిచ్చెను. తరువాత వజ్రము వలదనెను. సొమ్ము తిరిగి రాకపోగా వివాదము కలకత్తా హైకోర్టున కెక్కినది. తుదకు వజ్రము హైదరాబాదునకే వచ్చినది గాని, ప్రభువునకు దానిపై ప్రీతి పోయినది. ఆయన పోయిన తరువాత కుమారుడు దానిని తండ్రి పాదరక్ష కొనలో కనుగొనెనని చెప్పుదురు. 1995లో భారతప్రభుత్వము కొనిన నిజాము నగలలో అదియు చేరినది.

అయినను మహబూబ్ అలీఖానును ప్రజలు ప్రేమించిరి. వేషము మార్చి రాత్రివేళ వీధులలో తిరిగెడివాడనియు, ఆయన పేరు చెప్పినచో పాముకాటు విషము దిగెడిదనియు కథలల్లుకొనిరి. 1893 ప్రాంతమున కానూంచా శాసనముచే మంత్రిమండలి నేర్పఱచి, దివాను ఒక్కని చేతిలోని అధికారమును పలువురకు పంచెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలమందిని పొట్టన బెట్టుకొనినపుడు, నిరాశ్రయులకు రాజభవనముల ద్వారములు తెఱపించెను. 1911 ఆగస్టు 29వ తేదీన ఫలక్‌నుమా భవనమున కన్ను మూసెను. అప్పటికి నలువదియైదేండ్లు మాత్రమే.

లండను కంపెనీ మాత్రము మిగిలియుండెను. 1889నుండి ఇల్లెందు బొగ్గు దొర్నకల్లు మీదుగా రైలెక్కినది. తెలంగాణపు పల్లెలనుండి వచ్చిన కూలీలు నేల లోతులలో చెమటోడ్చి దానిని పైకి తెచ్చిరి. 1920లో కంపెనీ సింగరేణి కాలరీసు అను పేరు పొందినది. అప్పుడును దాని వాటాలు లండను విపణిలోనే యుండెను. 1945లో ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాను ప్రభుత్వము అధికసంఖ్యాకమైన వాటాలను కొనివేసినది. తండ్రి కాలమున జరుగదలచి చెడిన కార్యము కుమారుని కాలమున, దాదాపు అరువదియేండ్లకు నెఱవేఱినది. నేడు ఆ కంపెనీలో తెలంగాణ రాష్ట్రమునకు నూటికి 51, కేంద్రప్రభుత్వమునకు 49 వంతుల వాటాలు కలవు.

బొగ్గును, వజ్రమును ఒక్క కర్బనమేయని విజ్ఞానశాస్త్రము చెప్పును. ఆరవ నిజాము జీవితమున రెండును తగవులే తెచ్చినవి. వజ్రము నేడు భద్రపేటికలో నున్నది. బొగ్గు ఇండ్లలో దీపమై వెలుగుచున్నది. దూరదేశపు అంగడిలో వాటా కొనుట దోషము కాదు. 1945లో హైదరాబాదు చేసినదియు అదియే. అమ్మువాడెవడు, చేతులు మారు వాటాలెన్ని, సలహా చెప్పువానికి అందు భాగమేమైన కలదా అని అడుగక కొనుటయే దోషము. ఇరువదియేండ్ల ప్రభువు ఆ మూడు ప్రశ్నలు అడుగలేదు. అడుగవలెనని నేర్పినవారు లేరు. చర్లపల్లి మీదుగా పోవు బండిని చూచి, ఆ దారి ఎవరి ధనముతో వేసిరని దమ్మాయిగూడ బడిపిల్లవాడొకడు ఉపాధ్యాయుని అడిగినచో, ఆ ప్రశ్న కదలించిన కథ యిది.