శత్రువుల బిడ్డలకు సబ్బు

ఇంగ్లండులో 1860లో పాదిరిగారింట పుట్టిన ఎమిలీ హాబ్‌హౌస్, తండ్రి కన్నుమూసే వరకు ఆయన సేవలోనే ఉండిపోయింది. దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ సైన్యం డచ్ సంతతి బోయర్ల ఇళ్లు తగలబెట్టి స్త్రీలను, పిల్లలను గుడారాల శిబిరాలకు తరలిస్తోందని విని, విరాళాలు పోగుచేసి 1901 జనవరిలో బ్లోమ్‌ఫౌంటైన్ చేరింది. అక్కడ నీళ్లు చాలవు, సబ్బు లేదు. సబ్బు విలాసవస్తువన్నారు అధికారులు! శత్రువులను ప్రేమించాలని మనం ఆదివారాలు వింటూనే ఉంటాం. ఆమె వాళ్ల కోసం సబ్బు అడిగింది, సాధించింది. చూసినదంతా స్వదేశంలో నివేదించినందుకు ద్రోహి అనిపించుకుంది. అక్టోబరులో మళ్లీ వెళ్తే, కేప్‌టౌన్‌లో ఓడ దిగనివ్వకుండా వెనక్కి పంపేశారు. ఆ శిబిరాల్లో 26 వేలకు పైగా బోయర్ స్త్రీలు, పిల్లలు మరణించారు. నల్లజాతివారి శిబిరాల్లో పోయిన వేలమందిని లోకం చాలాకాలం పట్టించుకోనే లేదు. 1926లో ఆమె లండన్‌లో చనిపోతే, చితాభస్మాన్ని బ్లోమ్‌ఫౌంటైన్‌లో ఆ తల్లీబిడ్డల స్మారకం దగ్గరే ఉంచారు.